నెల జీతం వదిలి థీసిస్ కోసం లండన్ వెళ్ళిన ప్రొఫెసర్: అంబేద్కర్ జీవితంలో ఆ మూడేళ్ళు

నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం విలువేమిటో బెళుగుప్ప లాంటి ఊళ్ళలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కల్యాణదుర్గం, ఉరవకొండల మధ్య ఉన్న ఆ మెట్టనేలల్లో వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. పంట పోయిన ఏడాది సగం ఊరు బెంగళూరు బస్సెక్కుతుంది. అలాంటి చోట ఇంట్లో ఒక్కరికి ఉద్యోగం వస్తే అమ్మీ శుక్రానా నమాజు చదువుతుంది, అబ్బా అప్పులవాళ్ళ ముందు కాస్త తలెత్తుకుని నడుస్తాడు. ఆ ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో ఒకరోజు వచ్చి, సగంలో ఆగిన పీహెచ్‌డీ పూర్తి చేసుకోవాలి, నౌకరీ వదిలేస్తానంటే ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది.

సరిగ్గా ఇలాంటి నిర్ణయమే 1920 మార్చిలో బొంబాయిలో ఒక కాలేజీ ప్రొఫెసర్ తీసుకున్నారు. ఆయన వెనక ఆస్తి లేదు. తండ్రి లేడు. భార్య, పిల్లవాడు, అన్న కుటుంబం ఆయన జీతం మీదే ఎక్కువగా ఆధారపడ్డారు. ఆయనే డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్. రాజ్యాంగం రాసిన అంబేద్కర్ అందరికీ తెలుసు. థీసిస్ కోసం ఉద్యోగం వదిలిన అంబేద్కర్ గురించి మాత్రం మన ఇళ్ళలో మాట్లాడుకునేది తక్కువ.

ఫార్సీ చదివిన కుర్రవాడు

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మహూ కంటోన్మెంట్‌లో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. తల్లిదండ్రులకు ఆయన 14వ సంతానం. మహర్ కులంలో పుట్టినందుకు సతారా బడిలో విడిగా కూర్చోవాల్సి వచ్చింది. దాహమేస్తే ఎవరో ఒకరు పైనుంచి నీళ్ళు పోయాలి, పోసేవాళ్ళు లేని రోజు దాహంతోనే ఉండాలి.

కుటుంబం బొంబాయికి మారాక ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చేరారు. అక్కడ సంస్కృతం చదవాలని ఆయన కోరిక. అంటరాని కులం పిల్లవాడికి సంస్కృతం చెప్పడానికి పంతులు ఒప్పుకోలేదు. దాంతో రెండో భాషగా ఫార్సీ తీసుకోవాల్సి వచ్చింది. ఒక తలుపు మూసుకుంటే మన పెద్దల జబాన్ ఆయనకు ఇంకో తలుపు తెరిచింది. కాలేజీలోనూ ఫార్సీ చదివారు. సంస్కృతాన్ని తర్వాత సొంతంగా నేర్చుకున్నారు.

1907లో మెట్రిక్, 1912లో బీఏ పూర్తయ్యాయి. 1913లో తండ్రి చనిపోయారు. అదే ఏడాది బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళారు. షరతు ఒక్కటే, చదువయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పనిచేయాలి.

ఆగిపోయిన చదువు

కొలంబియాలో మూడేళ్ళు ఆయన తీరు ఆకలిగొన్నవాడు అన్నం ముందు కూర్చున్నట్టే ఉండేది. 1915లో ఎంఏ పట్టా వచ్చింది. 1916లో డాక్టరేట్ కోసం భారతదేశ ఆర్థిక విషయాల మీద థీసిస్ ఇచ్చారు. అక్కడితో ఆగకుండా ఆ ఏడాది అక్టోబర్‌లో లండన్ చేరుకుని ఒకవైపు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, మరోవైపు బారిస్టర్ చదువు కోసం గ్రేస్ ఇన్‌లో పేరు రాయించుకున్నారు.

ఏడాది గడవకముందే స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. 1917లో తిరిగి రావాలని బరోడా నుంచి కబురొచ్చింది. మొదలుపెట్టిన పరిశోధన మధ్యలో వదిలేయక తప్పలేదు. అయితే వెళ్ళేముందు ఒక జాగ్రత్త తీసుకున్నారు. నాలుగేళ్ళలోపు తిరిగి వచ్చి చదువు కొనసాగించుకునేలా యూనివర్సిటీ నుంచి అనుమతి తెచ్చుకున్నారు. ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ ఇందుకు సాయం చేశారు. ఆ అనుమతికి గడువు 1921 అక్టోబర్. తర్వాతి కథంతా ఈ గడువుతో పరుగుపందెమే.

అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. ఆయన ఒక ఓడలో బయల్దేరారు, సామాను, పుస్తకాలు ఇంకో ఓడలో వేశారు. సామాను ఉన్న ఓడ శత్రువుల టార్పిడో దాడికి మునిగిపోయింది. ఆ వార్త విని ఇంట్లోవాళ్ళు ఆయనకే ఏదో అయిందని హడలిపోయారు. మనిషి క్షేమంగా వచ్చారు, ఏళ్ళ తరబడి కూడబెట్టిన పుస్తకాలు మాత్రం సముద్రం పాలయ్యాయి.

బరోడాలో పదకొండు రోజులు

మాట ప్రకారం 1917 సెప్టెంబర్‌లో బరోడా వెళ్ళారు. మహారాజు ఆయన్ను ముందు మిలిటరీ సెక్రటరీగా పెట్టుకున్నారు. పెద్ద ఉద్యోగమే. ఆఫీసులో బంట్రోతులు మాత్రం ఫైళ్ళు చేతికివ్వకుండా బల్ల మీదికి విసిరేవారు. తాగే నీళ్ళు దొరికేవి కావు. ఊళ్ళో ఉండటానికి ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. చివరికి కులం బయటపెట్టకుండా ఒక పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకున్న పార్సీల గుంపు ఒకటి వచ్చి గదిముందు నిలబడింది. సాయంత్రంలోగా ఖాళీ చేయాలని బెదిరించింది.

ఆయన ఇద్దరు స్నేహితులను ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నారు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి ఆ సాయంత్రం పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వచ్చేశారు. అదీ బరోడా నౌకరీ కథ.

బొంబాయిలో ట్యూషన్లు చెప్పారు. షేర్లలో పెట్టుబడి పెట్టేవాళ్ళకు సలహాలిచ్చే వ్యాపారం మొదలుపెట్టారు. సలహా ఇచ్చేది ఏ కులం మనిషో తెలిశాక వచ్చేవాళ్ళు రావడం మానేశారు.

సిడెన్‌హామ్‌లో 450 రూపాయలు

1918 నవంబర్‌లో పరిస్థితి మారింది. బొంబాయిలోని సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసర్‌గా ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 450 రూపాయలు. పరేల్‌లో కూలీలుండే చాల్‌లో కాపురమున్న కుటుంబానికి అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోవచ్చు. మొదట్లో విద్యార్థులు ఈయన పాఠం ఏం చెబుతాడులే అనుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఆయన పాఠం వినడానికి వేరే కాలేజీల పిల్లలు కూడా రావడం మొదలైంది. అక్కడా కొందరు తోటి ప్రొఫెసర్లు స్టాఫ్ గదిలోని నీళ్ళకుండను ఆయన ముట్టుకోకూడదని అభ్యంతరం పెట్టారు.

ఆ జీతంతో ఆయన ఇల్లు మార్చలేదు, జీవితం మార్చలేదు. ఇంటి ఖర్చుకు ఇంత అని భార్య రమాబాయి చేతికిచ్చి, మిగతాది దాచారు. 1921 అక్టోబర్ గడువు మనసులో గంటలా మోగుతూనే ఉంది. రమాబాయి ఆ కొద్ది డబ్బునే పొదుపుగా సర్దుతూ నెల గడిపేవారు. పెళ్ళయ్యాక ఆమె కన్న బిడ్డల్లో వేర్వేరు ఏళ్ళలో నలుగురు చనిపోయారు. యశ్వంత్ ఒక్కడే బతికాడు. అంబేద్కర్ డిగ్రీల గురించి చెప్పేటప్పుడు ఈ ఇల్లాలి సబర్ చెప్పకపోతే లెక్క సగమే చెప్పినట్టు.

1920 జనవరి 31న, కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ సాయంతో, మూక్‌నాయక్ అనే మరాఠీ పత్రిక మొదలైంది. నోరులేని వాళ్ళ తరఫున మాట్లాడే పత్రిక. ఇలా పేరు వస్తున్న రోజుల్లోనే, మార్చి నెలలో, ప్రొఫెసర్ పదవికి రాజీనామా చేశారు.

పొదుపు చేసిన డబ్బు లండన్‌కు చాలదు. శాహూ మహారాజ్ 1,500 రూపాయలిచ్చారు. కొలంబియాలో తోటి విద్యార్థి, స్నేహితుడు నవల్ భథేనా 5,000 రూపాయలు అప్పుగా ఇచ్చారు. ఈ భథేనా కూడా పార్సీయే. బరోడాలో కర్రలతో వెళ్ళగొట్టినవాళ్ళూ పార్సీలే, బొంబాయిలో నమ్మి కర్జ్ ఇచ్చినవాడూ పార్సీయే. ఒక కౌమ్ మొత్తాన్ని ఒకే తక్కెడలో తూచకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అప్పడాలు, పుస్తకాలు

1920 జూలైలో ఓడెక్కారు. సెప్టెంబర్ చివరికి, గడువుకు ఏడాది ముందే, మళ్ళీ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్నారు. ఆ తర్వాతి రోజులన్నీ దాదాపు ఒకేలా గడిచాయి. పొద్దున రొట్టెముక్క, కప్పు టీ లాంటి కాస్త ఎంగిలి. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తలుపు తెరిచేసరికి అక్కడుండేవారు. మధ్యాహ్నం తిండికని లేచేవారు కాదు, అటు డబ్బు మిగులు, ఇటు సమయం మిగులు. లైబ్రరీ మూసేసమయానికి జేబుల నిండా నోట్సు కాగితాలతో బయటికి వచ్చేవారు. ఇండియా ఆఫీస్ లైబ్రరీకీ, ఇతర లైబ్రరీలకూ వీలైనంతవరకు నడకే. రాత్రి చదువు మధ్యలో ఆకలేస్తే తెలిసినవాళ్ళిచ్చిన అప్పడాలు కాల్చుకుని, కాసిని పాలు తాగి మళ్ళీ పుస్తకం తీసేవారు.

ఆ కష్టానికి ఫలితం త్వరగానే వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల మీద రాసిన థీసిస్‌కు 1921 జూన్‌లో ఎంఎస్‌సీ వచ్చింది. 1922లో బారిస్టర్ అయ్యారు. ఆ అక్టోబర్‌లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా కోసం రూపాయి సమస్య మీద థీసిస్ యూనివర్సిటీకి అందజేశారు.

రూపాయి గురించి ఏం రాశారు?

ఇది పండితులకే సంబంధించిన విషయం అనుకోవద్దు. బెళుగుప్ప రైతు వేరుశనగ ధర దాకా వచ్చే విషయమే. అప్పటి రూపాయి వెండిది, ఇంగ్లండ్ డబ్బు బంగారం మీద ఆధారపడింది. ప్రపంచంలో వెండి ధర పడిపోతుంటే రూపాయి విలువా పడిపోయింది. 1871 ప్రాంతంలో రూపాయికి దాదాపు 2 షిల్లింగులు వచ్చేవి, 1892 నాటికి 1 షిల్లింగు 3 పెన్నీల దగ్గరికి దిగింది. 1893లో ప్రభుత్వం జనం తెచ్చే వెండిని రూపాయలుగా కొట్టివ్వడం ఆపేసింది. తర్వాత రూపాయిని 1 షిల్లింగు 4 పెన్నీల దగ్గర నిలబెట్టే పని తన చేతుల్లోకి తీసుకుంది.

ఈ పద్ధతి మంచిదేనని ప్రఖ్యాత ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ 1913లోనే పుస్తకం రాశారు. అంబేద్కర్ ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. రూపాయలు ఎన్ని ముద్రించాలన్నది పాలకుల ఇష్టానికి వదిలేస్తే, వాళ్ళు ఎక్కువ ముద్రిస్తారు, ధరలు పెరుగుతాయి, కూలీ పెరగని పేదవాడు నష్టపోతాడన్నది ఆయన వాదన. విదేశీ మారకం రేటు నిలకడగా ఉంటే చాలదు, దేశంలో సరుకుల ధర నిలకడగా ఉండాలి. అందుకే రూపాయల ముద్రణకు గట్టి హద్దు పెట్టాలన్నారు.

ఆయన లండన్‌లో కూర్చుని ఇది రాస్తున్నప్పుడే కళ్ళముందు ఉదాహరణ నడుస్తోంది. యుద్ధం తర్వాత రూపాయిని 2 షిల్లింగుల దగ్గర నిలబెట్టాలని 1920లో ప్రభుత్వం ప్రయత్నించి విఫలమైంది. రూపాయి మళ్ళీ జారిపోయింది. రూపాయల్లో దాచుకుని పౌండ్లలో ఖర్చుపెట్టే ప్రతి భారతీయ విద్యార్థికీ ఆ దెబ్బ తగిలేదే.

థీసిస్ వెనక్కి వచ్చింది

థీసిస్ ఇచ్చాక ఫలితం కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. అప్పటికే జర్మన్ నేర్చుకున్నారు. ఇంకా చదువుదామని జర్మనీలోని బాన్ యూనివర్సిటీకి వెళ్ళారు. 1923 మార్చిలో కానన్ నుంచి పిలుపు వచ్చింది. పరీక్షకులు థీసిస్‌ను ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోలేదు, తిరగరాయమన్నారు. బ్రిటిష్ పాలకుల ద్రవ్య విధానాన్ని అంత కటువుగా విమర్శించడం వాళ్ళకు రుచించలేదని జీవితచరిత్రకారులు చెబుతారు.

అప్పటికి చేతిలో డబ్బు అయిపోయింది. ఉద్యోగం మూడేళ్ళ కిందటే వదిలేశారు, అప్పు నెత్తి మీద ఉంది, డిగ్రీ చేతికి రాలేదు. 1923 ఏప్రిల్‌లో బొంబాయికి తిరిగొచ్చారు. ఈ దశలోనే చాలామంది పరిశోధన ఆగిపోతుంది. ఆయన మాత్రం ఇంట్లో కూర్చుని రాతను దిద్దారు. మాటల పదును తగ్గించారు కానీ, తేల్చిన విషయాన్ని మార్చలేదు. ఆగస్టులో మళ్ళీ లండన్‌కు పంపారు. ఈసారి అంగీకరించారు. ఆ ఏడాదే డీఎస్‌సీ వచ్చింది, డిసెంబర్‌లో లండన్‌లోనే పుస్తకంగా అచ్చయింది. ఆ పుస్తకాన్ని తల్లిదండ్రులకు అంకితమిచ్చారు. ముందుమాట రాసిన కానన్ చాలా విషయాల్లో తన శిష్యుడితో విభేదిస్తూనే, ఆ ఆలోచనలోని కొత్తదనాన్ని మెచ్చుకున్నారు.

కొలంబియా డాక్టరేట్‌కు ఇంకో చిక్కుంది. థీసిస్ అచ్చువేసి ప్రతులు ఇస్తేగానీ అక్కడ పట్టా ఇవ్వరు. డబ్బు కూడి, పుస్తకం 1925లో అచ్చయ్యాక, 1927లో ఆ పట్టా అందింది. 1913లో మొదలైన చదువు అలా పద్నాలుగేళ్ళకు పూర్తయింది.

ఆ చదువు ఎందుకు పనికొచ్చింది?

డిగ్రీలు రాగానే దారి పూలబాట కాలేదు. బొంబాయి హైకోర్టులో వకాల్తా మొదలుపెట్టినా కేసులు ఇచ్చేవాళ్ళు తక్కువ. ఇల్లు గడవడానికి 1925 నుంచి 1928 దాకా ఒక అకౌంటెన్సీ సంస్థలో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పారు. ఆ కష్టంలోనే 1924లో బహిష్కృత హితకారిణీ సభ ఏర్పాటు చేశారు.

రూపాయి మీద విచారణకు 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ వచ్చినప్పుడు, దాని ముందు కూర్చుని ఆయన వాంగ్మూలం ఇచ్చారు. ఒకప్పుడు ఆఫీసులో నీళ్ళు పుట్టని మనిషి మాట ఇప్పుడు సామ్రాజ్యపు కమిషన్ వినాల్సి వచ్చింది. రిజర్వ్ బ్యాంకును ఆయన ఒక్కరే స్థాపించారన్నట్టు కొందరు చెబుతుంటారు, అది అతిశయోక్తి. కమిషన్ ఎందరో నిపుణుల మాట విని కేంద్ర బ్యాంకు కావాలని సిఫారసు చేసింది, 1935లో రిజర్వ్ బ్యాంకు పని మొదలుపెట్టింది. ఆ నిపుణుల్లో అంబేద్కర్ ఒకరు. ఆ మాత్రం నిజమే చాలా గొప్పది.

మన హైదరాబాద్ కూడా ఆ చదువును గౌరవించింది. 1953 జనవరి 12న ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డి.లిట్. ఇచ్చింది. ఆయన 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు.

అదే ఏడాది, ఇంకో యువకుడు

1920లోనే అలీగఢ్‌లో ఇంకో యువకుడు భద్రమైన దారి వదిలాడు. హైదరాబాద్‌లో 1897లో పుట్టిన జాకిర్ హుసేన్. ఎంఏ చదువుతూ పాఠాలు చెబుతున్న ఆయన, ఆ అక్టోబర్‌లో సహాయనిరాకరణ పిలుపు విని కాలేజీ వదిలి జామియా మిల్లియా స్థాపనలో కలిశారు. తర్వాత బెర్లిన్ వెళ్ళి 1926లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. తిరిగొచ్చి పెద్ద జీతాల వైపు చూడలేదు, డబ్బుల్లేక మూతపడేలా ఉన్న జామియాను ఇరవై ఏళ్ళకు పైగా మోశారు. ఈయన ముందు రాష్ట్రపతి అయ్యారని గుర్తుంటుంది, చదువు కోసం ఏం వదిలారో గుర్తుండదు.

మన ఇళ్ళకు ఇందులో ఏముంది?

అంబేద్కర్ చేసింది గుడ్డి సాహసం కాదు. దారి తెరిచి ఉంచుకోవడానికి ముందే యూనివర్సిటీ అనుమతి తీసుకున్నారు. ఏడాదిన్నరకు దగ్గరగా జీతం దాచారు. ఎంత తక్కువైతే ఎవరిని అడగాలో ఆలోచించుకున్నారు. పరిశోధన సగం దాకా వచ్చింది, సున్నా నుంచి మొదలు కాదు. గడువు తెలుసు. ఇన్ని చూసుకున్నాకే రాజీనామా. ఉద్యోగం వదలాలా వద్దా అని ఇంట్లో వాదించుకునేటప్పుడు ఈ నాలుగు లెక్కలు కాగితం మీద రాసుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

ఇప్పటి గడువులూ తెలుసుకోవాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ళు. మళ్ళీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్ళు దొరుకుతాయి. ఆడపిల్లలకు, వికలాంగులకు దానిపైన మరో రెండేళ్ళ సడలింపు ఉంది. కాన్పు, పిల్లల పెంపకం కోసం 240 రోజుల వరకు సెలవు తీసుకోవచ్చు. పెళ్ళయిందనో బిడ్డ పుట్టిందనో చదువు వదిలేసిన కోడళ్ళకు ఈ సంగతి ఇంట్లోవాళ్ళే చెప్పాలి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. కాబట్టి ఇవాళ ఒక పేద ముస్లిం పిల్ల థీసిస్ పూర్తి చేయాలంటే ముందు నిలబడాల్సింది ఇంటివాళ్ళు, ఆ తర్వాత జమాత్‌లో కాస్త స్తోమత ఉన్నవాళ్ళు.

అంబేద్కర్‌కు శాహూ మహారాజ్ ఇచ్చింది 1,500, భథేనా ఇచ్చింది 5,000. పరేల్ చాల్‌లో రమాబాయి మూడేళ్ళు ఓర్చుకున్నది ఏ లెక్కకూ అందదు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆ థీసిస్ సగంలోనే ఉండిపోయేది.